కణితి కొలత, నెత్తురు సాక్ష్యం

(సురవరం ప్రతాపరెడ్డి గారి స్మృతికి నివాళిగా ఇటిక్యాలలో చేసిన స్మారకోపన్యాసం ముద్రిత పాఠం)



సురవరం వారి పేరు మీద సభ జరిగితే సాహిత్యం మాట్లాడటం ఆనవాయితీ. నన్ను పిలిచినవారు లివర్ క్యాన్సర్ గురించి చెప్పమన్నారు. నేను వెంటనే ఒప్పుకున్నాను. ప్రతాపరెడ్డి గారిది ఈ అలంపూర్ ప్రాంతంలోని ఇటిక్యాలపాడు. తెలంగాణలో కవులు లేరని ఎవరో రాస్తే, ఆయన వాదనతో సరిపెట్టలేదు. ఊళ్ల నుంచి పేర్లు, పద్యాలు, వివరాలు తెప్పించి, 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచిక వేసి చూపించారు. 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో జనం తిండికీ కట్టుకూ ఆటపాటలకూ పెద్దపీట వేశారు. సాక్ష్యం పోగు చేయాలన్న పట్టుదల, మామూలు మనిషి తిండీ బతుకూ చరిత్రేనన్న ఎరుక ఆయనవి. ఈ రెండూ లేకుండా నేను చెప్పబోయే వైద్యం ముందుకు పోదు.

లివర్‌లో క్యాన్సర్ గడ్డ వచ్చింది. లివర్ మొత్తం అప్పటికే గట్టిపడి చెడిపోయింది. అలాంటప్పుడు గడ్డను మాత్రమే కోసి తీస్తే మిగిలిన లివర్ పని చేయకపోవచ్చు, అందులోనే ఇంకో గడ్డ పుట్టవచ్చు. లివర్‌నే మార్చేస్తే గడ్డా పోతుంది, దాన్ని పుట్టించిన చెడిపోయిన నేలా పోతుంది. ఆలోచన బాగుంది. మరి మార్చిన తర్వాత ఆ క్యాన్సర్ మళ్లీ వస్తుందా రాదా? ముందే ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్న లివర్ మార్పిడి అంత పాతది. అమెరికాలో థామస్ స్టార్జల్ 1963లో మొదటిసారి మనిషికి లివర్ మార్చినప్పుడు రోగి బతకలేదు. 1967లో ఆయన చేతిలో మొదటిసారి ఏడాది దాటి బతికింది ఒక పసిపాప. ఆమెకున్నది లివర్ క్యాన్సర్. కొత్త లివర్ పని చేసింది. చివరికి ఆ పాపను తీసుకుపోయింది, మళ్లీ తలెత్తిన ఆ క్యాన్సరే.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా కథ అలాగే నడిచింది. ఎంత గడ్డ ఉన్నా మార్చేవారు, చాలామందికి తిరగబెట్టేది. క్యాన్సర్ ఉంటే అసలు మార్చకూడదన్న మాట కూడా బలంగా వినిపించింది. 1996లో ఇటలీలోని మిలాన్ నగరంలో విన్సెంజో మజ్జఫెర్రో బృందం 48 మంది రోగుల ఫలితాలు ప్రచురించింది. గడ్డ ఒక్కటే ఉంటే 5 సెంటీమీటర్లు దాటకూడదు. రెండు మూడు ఉంటే ఏదీ 3 సెంటీమీటర్లు దాటకూడదు. పెద్ద రక్తనాళంలోకి పాకి ఉండకూడదు, లివర్ బయటికి పోయి ఉండకూడదు. ఈ గీత లోపల ఉన్నవారిలో నాలుగేళ్ల తర్వాత నూటికి 85 మంది బతికి ఉన్నారు. ప్రపంచమంతా దాన్నే పట్టుకుంది. మన హైదరాబాద్‌లోనూ లివర్ డాక్టర్లు ‘మిలాన్ లోపలా, బయటా?’ అనే మాట్లాడుకుంటారు.

మిలాన్ గీత ఎందరినో కాపాడింది, అందులో సందేహం లేదు. అయితే అది కొలిచేది గడ్డల సైజును, సంఖ్యను. స్కానింగ్‌లో కనబడేది అంతే. గడ్డ గుణం స్కానింగ్‌లో సరిగా కనబడదు. క్యాన్సర్ కణాలు సన్నటి రక్తనాళాల్లోకి దూరాయా లేదా అన్నది మళ్లీ రావడాన్ని నిర్ణయించే పెద్ద సంగతి. అది తెలిసేది ఎప్పుడు? పాత లివర్‌ను బయటికి తీసి, ముక్కలు చేసి, మైక్రోస్కోపు కింద చూసినప్పుడు. అంటే ఆపరేషన్ అయిపోయాక. అప్పటికి దాత లివర్ ఇచ్చేసి ఉంటాడు, కుటుంబం పొలం అమ్మేసి ఉంటుంది.

అందుకే ఆపరేషన్‌కు ముందు నెత్తురు ఏం చెబుతుందో వినాలి.

ఆల్ఫా ఫీటో ప్రొటీన్ అనేది ఒకటుంది. రిపోర్టుల్లో ఏఎఫ్‌పీ అని రాస్తారు. తల్లి కడుపులో ఉన్న శిశువు లివర్ దీన్ని తయారు చేస్తుంది. పుట్టాక మొదటి ఏడాదిలో దాదాపు ఆగిపోతుంది. పెద్దవాళ్ల నెత్తురులో మిల్లీలీటరుకు కొన్ని నానోగ్రాములకు మించి ఉండదు. 1963లో సోవియట్ శాస్త్రవేత్త గ్యారీ అబెలెవ్ క్యాన్సర్ ఉన్న ఎలుకల్లో ఈ శిశు ప్రొటీన్ తిరిగి రావడం చూశాడు. మరుసటి ఏడాది తాతారినోవ్ మనుషుల్లోనూ చూశాడు. లివర్ కణం క్యాన్సర్‌గా మారేటప్పుడు తన పెద్దరికం మరిచిపోయి శిశు దశ పనులు మళ్లీ మొదలుపెడుతుంది. ఎంత ఎక్కువ మరిచిపోతే అంత దూకుడు, అంత ఏఎఫ్‌పీ. ప్రతి రోగిలో ఇలాగే ఉండదు, కానీ మొత్తం మీద లెక్క ఇటువైపే మొగ్గుతుంది.

ఫ్రాన్స్‌లో దువూ బృందం 2012లో దీన్ని గడ్డ కొలతతో కలిపి మార్కులు వేసింది. ఏఎఫ్‌పీ 100 లోపు ఉంటే సున్నా, 100 నుంచి 1000 వరకు 2, వెయ్యి దాటితే 3. గడ్డ 3 సెంటీమీటర్ల లోపు సున్నా, 3 నుంచి 6 వరకు 1, 6 దాటితే 4. గడ్డలు మూడు వరకు సున్నా, నాలుగు లేక ఎక్కువ ఉంటే 2. మొత్తం 2 దాటకపోతే అయిదేళ్లలో తిరగబెట్టే అవకాశం నూటికి 9 కన్నా తక్కువ తేలింది. 2 దాటితే నూటికి 50.

ఇద్దరు రోగులున్నారనుకుందాం. ఒకాయనకు 4 సెంటీమీటర్ల గడ్డ, ఏఎఫ్‌పీ 1500. ఇంకొకాయనకు 5.5 సెంటీమీటర్ల గడ్డ, ఏఎఫ్‌పీ 40. మిలాన్ లెక్కలో మొదటాయన లోపల, రెండో ఆయన బయట. ఫ్రెంచి లెక్కలో మొదటాయనకు 4 మార్కులు, రెండో ఆయనకు 1. అంటే సైజు చూసి మనం ఆపేసిన మనిషికి లివర్ ఇస్తే నిలబడేది, సైజు చూసి ఇచ్చిన మనిషికి తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. ఈ తేడా పట్టిచ్చింది కొన్ని వందల రూపాయల్లో అయ్యే నెత్తురు పరీక్ష.

రెండో సూచిక పేరు పివ్కా. నెత్తురు గడ్డకట్టడానికి లివర్ ప్రోత్రాంబిన్ తయారు చేస్తుంది. దానికి తుది మెరుగు పెట్టేది విటమిన్ కె. క్యాన్సర్ కణం ఆ మెరుగు పెట్టకుండానే సరుకు బయటికి వదిలేస్తుంది. ఆ సగం పనైన ప్రోత్రాంబినే పివ్కా. 1984లో దీన్ని లివర్ క్యాన్సర్‌తో ముడిపెట్టి గుర్తించారు. సన్నటి రక్తనాళాల్లోకి క్యాన్సర్ దూరడంతో దీనికి దగ్గరి సంబంధం ఉంది. స్కానింగ్‌కు అందని సంగతిని ఇది కొంతవరకు చెబుతుంది కాబట్టి నేను దీనికి ఎక్కువ విలువ ఇస్తాను. జపాన్‌లోని క్యోటో డాక్టర్లు గడ్డలు పదికి మించకుండా, ఏదీ 5 సెంటీమీటర్లు దాటకుండా, పివ్కా 400 లోపు ఉంటే మార్పిడి చేయవచ్చన్నారు. కొరియా వాళ్లు పివ్కానూ ఏఎఫ్‌పీనీ ఒకే సూత్రంలో కలిపి మోరాల్ అనే లెక్క కట్టారు. ఈ రెండు దేశాలూ మనకు ముఖ్యం. అక్కడా మన దగ్గరలాగే లివర్ ఎక్కువగా ఇచ్చేది బతికున్న ఇంటివాళ్లే.

మూడోది ఎల్-3. ఏఎఫ్‌పీ అణువుకు ఒక చక్కెర తోక అంటుకుని ఉంటే అది క్యాన్సర్ కణం నుంచి వచ్చినదయ్యే అవకాశం హెచ్చు. ఆ తోక ఉన్నదాన్ని లేనిదాన్ని వేరు చేయడానికి పరీక్షలో వాడేది మసూర్ పప్పు నుంచి తీసిన ఒక ప్రొటీన్. మన వంటింటి పప్పుగింజ క్యాన్సర్ పరీక్షలో పనికొస్తుందని విద్యార్థులకు చెప్పినప్పుడు వాళ్ల ముఖాల్లో కనబడే ఆశ్చర్యం నాకెప్పుడూ సంతోషమే.

ఇక మామూలు సీబీపీ పరీక్ష నుంచే తీసే లెక్క ఒకటుంది. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్లతో భాగించగా 5 లేక ఎక్కువ వస్తే ఫలితాలు బాగాలేవని 2009లో న్యూయార్క్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది. ఖర్చు లేని లెక్క. కానీ చిన్న ఇన్‌ఫెక్షన్ వచ్చినా అది పెరుగుతుంది. దీని ఒక్కదాని మీద ఆధారపడి ఎవరికీ లివర్ కాదనకూడదు. నెత్తురులో తిరిగే క్యాన్సర్ డీఎన్‌ఏ ముక్కల్ని పట్టే పరీక్షల మీద పెద్ద ఆశలున్నాయి. అవి మంచం పక్కన నిర్ణయం తీసుకోవడానికి ఇంకా సిద్ధం కాలేదన్నది నా అంచనా.

ఏ సూచికా అబద్ధమాడదని నేననను. లివర్ క్యాన్సర్ రోగుల్లో దాదాపు మూడో వంతు మందికి ఏఎఫ్‌పీ మామూలుగానే ఉంటుంది. హెపటైటిస్ చురుగ్గా ఉన్నప్పుడు క్యాన్సర్ లేకపోయినా పెరుగుతుంది. గర్భిణుల్లో సహజంగానే పెరుగుతుంది. గుండెకు వార్ఫరిన్ మాత్ర వేసుకునేవారికి పివ్కా ఎక్కువ వస్తుంది. పైత్యరసం దారి మూసుకుపోయి కామెర్లు ఉన్నవారికీ అంతే, విటమిన్ కె ఒంటికి పట్టదు కాబట్టి. అందుకని ఒక్క అంకె చూసి గుండె జారిపోవద్దు, ఒక్క అంకె చూసి నిశ్చింతగా ఉండవద్దు. చూడాల్సింది ఆ అంకె ఎటు నడుస్తోందన్నది. వేచి ఉన్న కాలంలో గడ్డకు పోయే నాళంలోకి మందు పంపి దారి మూసే చికిత్స చేస్తారు, ఆస్పత్రుల్లో టేస్ అంటారు. దాని తర్వాత ఏఎఫ్‌పీ పడిపోతే క్యాన్సర్ లొంగిందని అర్థం. పడకుండా నెలకు 15 నానోగ్రాములకు మించి ఎక్కుతూ పోతే ఫలితాలు బాగా దెబ్బతిన్నాయని ఫ్రాన్స్‌లోనే మరో బృందం 2010లో చూపింది. అమెరికాలో ఇప్పుడు ఏఎఫ్‌పీ వెయ్యి దాటితే, చికిత్సతో 500 కన్నా దిగితేనే క్యాన్సర్ కింద ఇచ్చే ప్రాధాన్యం దక్కుతుంది. మూడు నుంచి ఆరు నెలలు గమనించి, ఆ తర్వాత మార్చడం రోగిని ఏడిపించడం కాదు. ఆ కాలంలోనే గడ్డ తన గుణం బయటపెడుతుంది.

ఇక్కడ కొంచెం ఆగి మన సంగతి మాట్లాడాలి. చనిపోయినవారి అవయవాలు పంచడానికి మన రాష్ట్రంలో నిమ్స్ కేంద్రంగా జీవన్‌దాన్ ఉంది. ఎంతోమందిని బతికించింది. అయినా లివర్ కోసం ఎదురుచూసేవారు ఎక్కువ, దొరికేది తక్కువ. కాబట్టి చాలా ఇళ్లలో భార్యో, కొడుకో, చెల్లెలో తన లివర్‌లో సగానికి పైగా భాగం ఇస్తున్నారు. చనిపోయినవారి లివర్ అయితే ఒకరికి తప్పుగా ఇస్తే వరుసలో ఉన్న ఇంకొకరు నష్టపోతారని లెక్క వేస్తాం. బతికున్న దాత విషయంలో వరుస లేదు కదా, ఇష్టపడి ఇస్తున్నారు కదా, నియమాలు సడలించవచ్చని కొందరంటారు. నేను ఒప్పుకోను. పాతికేళ్ల కొడుకు కడుపు కోయించుకుని, పత్తి విత్తనాల పొలం తాకట్టు పెట్టి తండ్రికి లివర్ ఇస్తుంటే, మార్కులు ఎక్కువ వచ్చినప్పుడు అయిదేళ్లలో తిరగబెట్టే అవకాశం సగానికి సగం ఉందన్న మాట ఆ ఇంటికి ముందే తెలియాలి. తెలిసి కూడా ఇస్తామంటే అది వాళ్ల హక్కు, నేను తల వంచి నమస్కరిస్తాను. తెలియకుండా ఇప్పిస్తే అన్యాయం. దాత సంతకం పెట్టే ముందు ఏఎఫ్‌పీ, పివ్కా రెండూ చేయించి, వాటి అర్థం తెలుగులో, దాత ఎదుట, విడమరచి చెప్పాలి. ఇది చట్టంలో ఉన్నా లేకున్నా డాక్టరు ధర్మం.

ఆపరేషన్ తర్వాత కథ మారుతుంది. పాత లివర్ బయటికి వచ్చాక ఏఎఫ్‌పీ అయిదారు రోజులకోసారి సగం చొప్పున తగ్గాలి. రెండు మూడు నెలలైనా దిగకపోతే ఎక్కడో కణాలు మిగిలాయని అనుమానించాలి. శాన్‌ఫ్రాన్సిస్కో డాక్టర్ల నాయకత్వంలో 2017లో వచ్చిన రిట్రీట్ లెక్క ఆపరేషన్ నాటి ఏఎఫ్‌పీని, తీసిన లివర్‌లో మైక్రోస్కోపు కింద కనబడిన సంగతుల్ని కలుపుతుంది. సున్నా వస్తే అయిదేళ్లలో తిరగబెట్టేది నూటికి ముగ్గురికి లోపే. 5 లేక ఎక్కువ వస్తే నూటికి 75 మందికి. ఇంత తేడా ఉన్న ఇద్దరినీ ఒకే తీరున మూడు నెలలకోసారి సీటీ స్కాన్‌కు పిలవడం ఏం న్యాయం? ఒకరికి వృథా ఖర్చు, ఇంకొకరికి చాలని కాపలా. తిరగబెట్టేవారిలో ఎక్కువమందికి మొదటి రెండు మూడేళ్లలోనే వస్తుంది. ఊపిరితిత్తుల్లోనో ఎముకల్లోనో కొత్త లివర్‌లోనో వస్తుంది. ఒక్కచోట చిన్నదిగా ఉండగా దొరికితే కొందరికి కోసి తీయవచ్చు, రేడియేషన్ ఇవ్వవచ్చు. రోగనిరోధకాన్ని అణిచే మందుల మోతాదు మార్చవచ్చు. ఆలస్యమైతే ఈ దారులు మూసుకుపోతాయి.

ఇప్పుడు చెప్పండి, ఈ లెక్కల్లో మన మనిషి ఎక్కడున్నాడు? మిలాన్, పారిస్, శాన్‌ఫ్రాన్సిస్కో, క్యోటో, సియోల్. వనపర్తి లేదు, నాగర్‌కర్నూల్ లేదు, గద్వాల లేదు. మన రోగి కథ వేరు. హెపటైటిస్-బి ఉన్నవాడు, సారా కల్లు తాగినవాడు, షుగర్‌తో లివర్‌కు కొవ్వు పట్టినవాడు. మొదట పసరు మందు, తర్వాత ఆర్‌ఎంపీ, ఆ తర్వాత కర్నూలు, చివరికి హైదరాబాద్. వచ్చేసరికి గడ్డ పెద్దదై ఉంటుంది. పైదేశాల మార్కులు ఇతనికి ఎంతవరకు వర్తిస్తాయో తేల్చేది మన నమోదులే. సురవరం వారు కవుల కోసం చేసిన పని మన డాక్టర్లు రోగుల కోసం చేయాలి. పేరు బయటపెట్టకుండా, వయసు, గడ్డ సైజు, ఆపరేషన్ ముందు సూచికలు, తర్వాత ఏటా ఏం జరిగిందన్నది తెలుగు రాష్ట్రాల ఆస్పత్రులన్నీ ఒక్కచోట చేర్చాలి.

లివర్ క్యాన్సర్‌కు దారితీసే తిండి సంగతి కూడా చెప్పాలి. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల జిల్లాల్లో పల్లికాయ పండించని ఊరు అరుదు. పల్లీకి పట్టే ఒక బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, వాటి మేతలోని వేరుశనగ పిండిలో ఈ విషం దొరికింది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 106 మంది లివర్ చెడి చనిపోయారు. దాని గుట్టు విప్పిన వారిలో ముందున్నది మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి బృందం. షాంఘైలో 18 వేల మందికి పైగా పురుషుల్ని వెంటాడి చూసిన అధ్యయనంలో హెపటైటిస్-బి, అఫ్లటాక్సిన్ ఆనవాళ్లు రెండూ ఉన్నవారికి లివర్ క్యాన్సర్ ముప్పు సుమారు 60 రెట్లు తేలింది. ఈ విషం నెత్తురులోని అల్బుమిన్‌కు అంటుకుని ఉంటుంది కాబట్టి, గత రెండు మూడు నెలల్లో మనిషి ఎంత తిన్నాడో నెత్తురే చెప్పగలదు. పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది, పల్లీలో అఫ్లటాక్సిన్‌ను చవకగా పట్టే పరీక్షలు తయారు చేసింది. హైదరాబాద్‌లో పోషకాహార సంస్థ ఉంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో ఇప్పుడు వైద్య కళాశాలలు ఉన్నాయి. ఇక్రిశాట్‌నూ పోషకాహార సంస్థనూ ఈ కళాశాలలనూ కలిపి ఈ ప్రాంతపు నెత్తురు నమూనాలు చూడాలని నేను ఈ వేదిక మీద నుంచి అడుగుతున్నాను. పంట చివర్లో నీళ్లందక ఎండదెబ్బ తగిలినా, కాయ సరిగా ఆరకముందే బస్తాకెత్తినా బూజు పడుతుంది. ముడుచుకుపోయిన గింజ, రంగు మారిన గింజ ఏరి పారేయండి. వేయిస్తే విషం మొత్తం పోదు.

హెపటైటిస్-బి టీకా విషయంలో మనకు సాకు లేదు. దేశంలో సొంతంగా తయారైన మొదటి రీకాంబినెంట్ టీకాను 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ తెచ్చింది, వరప్రసాద్ రెడ్డి గారి పట్టుదలతో. అప్పటిదాకా కలవారికే అందిన సూది సామాన్యుడికి దగ్గరైంది. ఇప్పుడు పుట్టిన బిడ్డకు మొదటి 24 గంటల్లోనే ఉచితంగా వేస్తున్నారు.

చివరిగా, లివర్ గట్టిపడిందని డాక్టరు చెప్పిన ప్రతి ఒక్కరూ ఆరు నెలలకోసారి స్కానింగ్, ఏఎఫ్‌పీ చేయించుకోండి. మార్పిడి అయినవారు మీ ఇంట్లో ఉంటే ఒక నోటు పుస్తకం పెట్టండి. ప్రతి పరీక్ష తేదీ, ఏఎఫ్‌పీ అంకె, పివ్కా అంకె, అప్పుడు వాడుతున్న మందుల పేర్లు వరుసగా రాయండి. రిపోర్టు ఏ ల్యాబుదో కూడా రాయండి, ల్యాబు మారితే అంకె కొంచెం మారుతుంది. వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించండి. హైదరాబాద్ వెళ్లినప్పుడు ఆ పుస్తకం డాక్టరు ముందు తెరిచి పెట్టి, ‘సారూ, పోయినసారి కంటే పెరిగిందా తగ్గిందా?’ అని అడగండి. జవాబు చెప్పేదాకా లేవకండి.